సాల్మన్ చూద్దామని వెళితే నదిలో దిగవద్దన్నారు, పైన జలాశయం చూస్తే ఖాళీ అవుతోంది: ఫాల్సమ్ వాళ్లు కాస్త చెప్పండి

ధవళేశ్వరం_రవి
కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కనున్న ఫాల్సమ్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. సెప్టెంబరులో అమ్మానాన్నలు వచ్చారు. నాన్న ధవళేశ్వరం బ్యారేజీ మీద లస్కరుగా, అంటే గేట్లు చూసుకునే మనిషిగా, పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు దుకాణాలు, పార్కులు అక్కర్లేదు. ఊళ్లో ఆనకట్ట ఉందంటే చాలు, అక్కడికి తీసుకుపొమ్మంటారు.

అక్టోబరు చివరి వారం కదా, సాల్మన్ చేపలు ఎదురెక్కుతుంటాయని నిన్న అందరం అమెరికన్ నది మీది నింబస్ ఆనకట్ట దిగువకు వెళ్లాం. అక్కడి హేచరీలో (చేపపిల్లలను పొదిగించి పెంచే కేంద్రం) చేపలు ఎక్కివచ్చే నీటిమెట్లు ఇంకా తెరవలేదు. సరే, నదిలోనైనా కనిపిస్తాయేమోనని సెయిలర్ బార్ అనే రాళ్ల ఒడ్డు వైపు నడిచాం. పిల్లలు ప్యాంట్లు మడుచుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగారో లేదో, దారిన పోతున్న ఒక పెద్దాయన పరుగున వచ్చి బయటికి రమ్మని కేకలు వేశాడు. పిల్లలు బెదిరిపోయారు. నాకూ కోపం వచ్చింది. సాయంత్రం పైన ఫాల్సమ్ జలాశయానికి వెళితే పడవలు దించే సిమెంటు వాలు ఒకచోట, నీళ్లు మరొకచోట. మధ్యలో అంతా బీటలు వారిన మట్టి.

నది అందరిదీ అయినప్పుడు దిగవద్దనడం ఏమిటి? చేపలు అసలు ఎప్పుడు వస్తాయి? వానలైనా మొదలు కాకముందే ఇంత నీటిని కిందికి ఎందుకు వదిలేశారు? రాత్రి భోజనాల దగ్గర నాన్న ఇవే అడిగారు. నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను.

గాలం_గోపి
ఆ పెద్దాయన మాట కరుకేమో గానీ చెప్పింది నిజం. మీ పిల్లలు నిలబడింది గుడ్ల మీద అయి ఉండవచ్చు.

పులస_ప్రియుడు
ధవళేశ్వరం నుంచి వచ్చిన వాళ్లకు అమెరికాలో చేప చూపించడానికి తీసుకువెళ్లారా! పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న ఊరి మనుషులు వాళ్లు.

సైకిల్_శారద
రవి గారూ, నేను వారానికి మూడు రోజులు ఆ గట్టు మీదే సైకిలు తొక్కుతాను. గోపి గారు ఒక్క ముక్కలో చెప్పారు, నేను కాస్త వివరంగా చెబుతాను.

మీరు నడిచిన చోట నీటి అడుగున గులకరాళ్లు అంతా పాచిపట్టి నల్లగా కనిపిస్తాయి. మధ్యలో అక్కడక్కడ తెల్లగా, కడిగి ఆరబెట్టినట్టు మెరిసే మచ్చలు ఉంటాయి. ఒక్కోటి మంచమంత ఉంటుంది. అవి సాల్మన్ గూళ్లు. ఆడచేప ఒక పక్కకు ఒరిగి, తోకతో అడుగును టపటపా కొడుతుంది. రాళ్లు లేచి ప్రవాహానికి కొంచెం కిందికి పడతాయి. అలా గుంట చేసి అందులో గుడ్లు పెడుతుంది, మగచేప పక్కనే ఉంటుంది. మళ్లీ పైకి జరిగి ఇంకోసారి కొడితే ఆ రాళ్లు వచ్చి గుడ్లను కప్పేస్తాయి. ఒక్కో చేప దగ్గర దాదాపు 5 వేల గుడ్లు ఉంటాయి. పిల్లలు రాళ్లలో నుంచి బయటికి వచ్చేసరికి జనవరి దాటుతుంది. అప్పటిదాకా మన బూటు గానీ కుక్క కాలు గానీ ఆ తెల్లమచ్చ మీద పడితే కింద ఉన్నవి నలిగిపోయినట్టే.

బోర్డు అన్నిచోట్లా ఉండదు, ఆ మాట ఒప్పుకుంటాను. తెలియక దిగడం తప్పు కాదు.

ధవళేశ్వరం_రవి
అవును, తెల్లమచ్చలు చూశాను శారద గారూ! అక్కడ నీళ్లు తేటగా ఉన్నాయని పిల్లలను నేనే అటు పంపాను. ఇప్పుడు మనసు అదోలా ఉంది.

సైకిల్_శారద
అంత బాధ పడకండి. పోయిన ఏడాది నా చెల్లెలి కొడుకు సరిగ్గా అదే చేశాడు.

నాటోమా_పడవ
చేపల సంగతి సరే, జలాశయం సంగతి ఎవరూ మాట్లాడరేమిటి? ఏటా ఇదే వరస. ఎండాకాలం మధ్యకు వచ్చేసరికి నీళ్లు దిగిపోతాయి, పడవలు తీసేయమంటారు. ఏడాదికి సరిపడా రుసుం కట్టి నాలుగు నెలలైనా పడవ నడపలేకపోతున్నాను. అంతా చేపల కోసమే. నాలుగు చేపలకు ఉన్న విలువ పన్ను కట్టే మనుషులకు లేదు.

గాలం_గోపి
నాలుగు చేపలు కాదు మహాశయా. ఆ చేపల మీద ఒక తీరం మొత్తం బతికింది. 2023, 2024, 2025, వరసగా మూడేళ్లు కాలిఫోర్నియా సముద్రంలో వాణిజ్య సాల్మన్ వేట పూర్తిగా ఆపేశారు. పడవలు మీకు ఏడాదిలో కొన్ని నెలలు ఆగిపోతే వాళ్లకు మూడేళ్లు ఆగిపోయాయి.

జలలెక్కల_హరి
నాటోమా_పడవ గారి కోపం అర్థమవుతుంది గానీ ఆ నీరంతా చేపల కోసం పోయిందన్న లెక్క తప్పు. నేను శాక్రమెంటోలో నీటిపారుదల రంగంలోనే పనిచేస్తున్నాను. రవి గారి నాన్నగారికి అర్థమయ్యే కొలతల్లోనే చెబుతాను.

ఫాల్సమ్ జలాశయం నిండితే 9.77 లక్షల ఎకరా అడుగులు. మన లెక్కలో సుమారు 42.5 టీఎంసీలు. శ్రీశైలం 215, నాగార్జునసాగర్ 312 చూసిన వాళ్లకు ఇది చిన్న చెరువులా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. దీని మీద పడే బరువు మాత్రం చిన్నది కాదు.

దిగువన శాక్రమెంటో నగరం ఉంది. చలికాలంలో సియెర్రా కొండల మీద వెచ్చని వాన పడి మంచు కరిగితే రెండు రోజుల్లో వరద వచ్చిపడుతుంది. 1955 డిసెంబరులో, ఆనకట్ట కట్టీ కట్టకముందే, ఏడాది పడుతుందనుకున్న జలాశయం ఒక్క వారంలో నిండిపోయింది. 1986 ఫిబ్రవరిలో 1,34,000 క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. అప్పటికి గట్లు తట్టుకుంటాయని లెక్కగట్టింది 1,15,000 మాత్రమే. నగరం అంచు మీద నిలబడి బయటపడింది. అందుకే శీతాకాలానికి ముందే పరిస్థితిని బట్టి 17 నుంచి 26 టీఎంసీల దాకా ఖాళీ ఉంచాలన్నది నియమం. వానలు మొదలయ్యాక ఖాళీ చేద్దామంటే కుదరదు.

ఇక రెండోది. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టాలోకి సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. దాన్ని వెనక్కి నెట్టాలంటే పైనుంచి మంచినీళ్లు రావాలి. పెద్ద జలాశయాలన్నిటిలో డెల్టాకు దగ్గరగా ఉన్నది ఫాల్సమ్. ఉత్తరాన ఉన్న షాస్తా జలాశయం నుంచి వదిలితే నీళ్లు చేరడానికి రోజులు పడుతుంది, ఇక్కడి నుంచి అయితే చప్పున చేరుతాయి. కాబట్టి అవసరం పడగానే ముందు తెరిచేది ఈ గేట్లే. చుట్టుపక్కల ఊళ్ల తాగునీళ్లు, కరెంటు దీనికి అదనం. ఇవన్నీ పోయాక చేపల పేరు వస్తుంది.

ధవళేశ్వరం_రవి
ఈ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. ఒకే ఒక్క మాట అన్నారు: "మాకు మొదటి హెచ్చరికే 10 లక్షల క్యూసెక్కులకు."

జలలెక్కల_హరి
ఆ మాట ఆయన అనాల్సిందే! గోదావరితో ఇక్కడ దేన్నీ పోల్చలేం. కానీ గోదావరి వరద భద్రాచలం దగ్గర కనిపించాక కిందికి రావడానికి వ్యవధి ఉంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

నాటోమా_పడవ
వరద కోసం ఖాళీ అంటే ఒప్పుకుంటాను. మరి 2017లో కొత్త స్పిల్‌వే (వరద నీరు వదిలే దారి) కట్టారు కదా, దానివల్ల ఎక్కువ నీరు నిలుపుకోవచ్చని అప్పట్లో చెప్పలేదా?

జలలెక్కల_హరి
మంచి ప్రశ్న. పాత ఆనకట్టకు ఉన్న 8 గేట్లు బాగా ఎత్తులో ఉన్నాయి. నీరు ఆ మట్టానికి చేరేదాకా వాటి నుంచి చుక్క పోదు. కొత్త స్పిల్‌వేలోని 6 గేట్లు వాటికన్నా 50 అడుగులు దిగువన ఉన్నాయి. అంటే వరద రాబోతోందని తెలియగానే ముందే పెద్ద మొత్తంలో వదలగలరు. దాన్ని ఆసరా చేసుకుని 2019లో నిర్వహణ నిబంధనలు మార్చారు. ఇప్పుడు వాతావరణ సూచన చూసి, వాన లేదంటే కొంత ఎక్కువ నిలుపుకుంటారు. మీరు అడిగిన మేలు జరిగింది. అయితే అది చలికాలపు చివర, వసంతంలో కనిపిస్తుంది. అక్టోబరులో మీ పడవ రేవు దగ్గర కనిపించదు.

నాటోమా_పడవ
సరే. ఈ ఒక్క విషయంలో తగ్గుతున్నాను. మిగతావాటిలో తగ్గలేదు.

బడి_లత
హరి గారూ, చేపల పేరు చివర వస్తుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. దాన్ని కూడా విప్పండి. మా ఐదో తరగతి పిల్లలను నవంబరులో హేచరీకి తీసుకువెళుతున్నాను. "చేపకు నీళ్లుంటే చాలదా, చల్లటి నీళ్లే ఎందుకు?" అని ఒక పాప అడిగింది.

జలలెక్కల_హరి
ఆ పాప ఈ నది మొత్తం గుట్టును ఒక్క ప్రశ్నలో అడిగింది.

ఎండాకాలంలో జలాశయం పొరలుగా విడిపోతుంది. పైన వేడినీరు, అడుగున చన్నీళ్లు. చన్నీళ్లు పరిమితం, మళ్లీ చలికాలం దాకా కొత్తవి రావు. ఫాల్సమ్ ఆనకట్టలో కరెంటు తయారీకి నీరు తీసుకుపోయే గొట్టాల ముఖద్వారాల ముందు పలకల వంటి తలుపులు ఉంటాయి. ఏ వరస తలుపులు ఎత్తితే ఆ మట్టంలోని నీరు లోపలికి పోతుంది. ఎండాకాలమంతా పైనీళ్లు వాడుతూ అడుగునీళ్లను దాచుకుంటూ రావాలి. కానీ నదిలో స్టీల్‌హెడ్ అనే మరో చేప పిల్లలు ఏడాదంతా ఉంటాయి. వాటి కోసం దిగువన వాట్ అవెన్యూ వంతెన దగ్గర వేసవిలో నీరు 65 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకుండా చూడాలన్నది లక్ష్యం. నవంబరుకు వచ్చేసరికి సాల్మన్ గుడ్లకు 56 కావాలి. ఆగస్టులో ఉదారంగా ఖర్చు పెడితే నవంబరులో మిగలదు. నవంబరు కోసం బిగపట్టుకుంటే ఆగస్టులో స్టీల్‌హెడ్ పిల్లలు ఉడికిపోతాయి. కరువు ఏడాదిలో అసలు జలాశయమే అడుగంటితే దాచుకోవడానికి చన్నీళ్లే ఉండవు. 2015 నవంబరులో 14 శాతానికి పడిపోయింది.

మరీ గడ్డు ఏడాదుల్లో టర్బైన్లను పక్కన పెట్టి, అడుగున ఉన్న తూముల గుండా చన్నీళ్లు వదులుతారు. అంటే కరెంటు వదులుకుని చేపకు చలువ ఇవ్వడం.

పులస_ప్రియుడు
ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే ఉండి అత్తగారికి మజ్జిగ, అల్లుడికి మామిడిపండ్లు రెండూ చల్లగా కావాలన్నట్టుంది.

బడి_లత
ఈ పోలిక మా పిల్లలకు చెప్పేస్తాను.

గాలం_గోపి
హరి గారు చెప్పనిది ఇంకొకటి ఉంది, మాలాంటి వాళ్లం కళ్లారా చూసేది. చలికాలంలో వరద ఖాళీ కోసం నీళ్లు పెంచుతారు. నది ఒడ్డుదాకా పొర్లుతుంది. చేప ఆ లోతు చూసి ఒడ్డు పక్కన గూడు కడుతుంది. తర్వాత వాన లేదని నీళ్లు తగ్గిస్తే ఆ గూడు గట్టు మీద ఎండుతుంది. ఒక ఏడాది అలా బయటపడ్డ గుంట దగ్గర కూర్చున్నాను. పైరాళ్లు రెండు తీస్తే కింద ఇంకా తడి ఉంది. నారింజ రంగు గుడ్లు, ఒక్కోటి బఠాణీ గింజంత. కొన్నిటిలో అప్పటికే రెండు నల్లటి కళ్లు ఏర్పడ్డాయి. రాళ్లు మళ్లీ కప్పేసి వచ్చాను, అంతకన్నా ఏం చేయగలను.

కొత్తగా_శాక్రమెంటో
ఆనకట్ట కట్టకముందు ఇవి ఎక్కడిదాకా వెళ్లేవి?

సైకిల్_శారద
పైన కొండల్లో ఉన్న నది పాయల్లోకి, చాలా దూరం. 1955లో నింబస్, ఆ వెనకే ఫాల్సమ్ పూర్తయ్యాక దారి మూసుకుపోయింది. ఈ నది ఒడ్డున తరతరాలుగా బతికిన నిసెనాన్ ప్రజలకు సాల్మన్ తిండి, పండగ రెండూ. ఇప్పుడు ఆనకట్ట దిగువన మిగిలిన 23 మైళ్లలోనే, అందులోనూ పై కొసన ఉన్న కొన్ని రాళ్ల మేటల మీదే, అంతా జరగాలి. పైనుంచి కొత్త గులకరాళ్లు కొట్టుకురావడం కూడా ఆనకట్టతో ఆగిపోయింది కాబట్టి 2008 నుంచి లారీలతో రాళ్లు తెచ్చి నదిలో పరుస్తున్నారు. రవి గారి పిల్లలు నిలబడిన సెయిలర్ బార్‌లో కూడా అలాగే పరిచారు. అంటే అవి ఎవరో పనిగట్టుకుని చేపకు వేసిన పడక.

యానాం_అక్క
మేము ఒరెగాన్‌లో ఉంటాం. ఇక్కడ కొలంబియా నది మీద బానవిల్ ఆనకట్టకు 1938లో కట్టినప్పుడే చేపల మెట్లు పెట్టారు. అద్దం వెనక నిలబడితే చేప మన ముఖం పక్క నుంచే పోతుంది. మా అత్తగారు ఆ అద్దం ముందు గంటన్నర కదల్లేదు. అదే నదిలో ఇంకా పైన గ్రాండ్ కూలీకి మెట్లే పెట్టలేదు. అక్కడితో సాల్మన్ కథ ముగిసింది. మరి ఫాల్సమ్‌కు మెట్లు కట్టకూడదా?

జలలెక్కల_హరి
అక్కా, ఫాల్సమ్ 340 అడుగుల ఎత్తు. మెట్లెక్కి పైకి చేరినా పిల్లచేపలు అంత పెద్ద నిశ్చల జలాశయాన్ని దాటి, మళ్లీ ఆనకట్ట దిగి సముద్రానికి పోవాలి. అసలు చిక్కు ఎక్కడంలో కాదు, దిగడంలో ఉంది. అందుకే హేచరీ. నింబస్ దగ్గరున్న మెట్లు పై నదిలోకి పోవు, హేచరీలోకే పోతాయి.

యానాం_అక్క
అయితే అది దారి కాదు, వల.

బడి_లత
అక్కడ పనిచేసే వాళ్లను చూస్తే ఆ మాట అనలేరు అక్కా. ఏడాదికి 40 లక్షల సాల్మన్ పిల్లలను పెంచి వదలాలన్నది వాళ్ల లక్ష్యం. మెట్లెక్కి వచ్చిన చేపల గుడ్లు తీసి పొదిగిస్తారు. ప్రతి నాలుగు పిల్లల్లో ఒకదానికి వెన్ను మీద, తోకకు దగ్గరగా ఉండే చిన్న రెక్క కత్తిరించి, ముక్కులో వెంట్రుకంత తీగముక్క పెడతారు. మూడు నాలుగేళ్లకు తిరిగి వచ్చినప్పుడు దాన్ని తీసి చదివితే ఎక్కడ పుట్టిందో, ఎక్కడ వదిలారో తెలుస్తుంది. మా పిల్లలకు దానికి మించిన సంబరం లేదు, రెక్క లేని చేప కోసం వెతుకుతారు.

గాలం_గోపి
లత గారి మాటా నిజమే, అక్క మాటా నిజమే. కరువు ఏళ్లలో నది వేడెక్కిపోతుందని ఆ పిల్లలను లారీల్లో తీసుకువెళ్లి సముద్రపు ముఖద్వారం దగ్గర వదులుతారు. బతుకుతాయి. కానీ దారి నేర్చుకోలేదు కాబట్టి పెద్దయ్యాక చాలావరకు వేరే నదుల్లోకి పోతాయి. వాసన పట్టుకుని ఇల్లు చేరే చేపను లారీ ఎక్కించాం. చేపపిల్లకు ఈత నేర్పనక్కర్లేదంటారు గానీ, దారి మాత్రం అది ఈదుతూనే నేర్చుకోవాలి.

యానాం_అక్క
మా వైపు విలస సముద్రంలో ఉన్నంతకాలం విలసే. గోదారి ఎర్రనీళ్లలోకి ఎదురెక్కాకే పులస అవుతుంది. సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, పులస తిరిగి సముద్రానికి పోతుంది. అంతే తేడా. ధవళేశ్వరం దాటి పైకి వెళ్లిన పులసను మా ఇంట్లో ఎవరూ చూడలేదు. గంగ మీద ఫరక్కా కట్టాక అలహాబాదు దాకా పోయే ఇలిస చేప (అక్కడి పులసే) ఆగిపోయింది. అక్కడా ఇక్కడా కథ ఒకటే, ఇక్కడ లెక్క రాసుకుంటున్నారు. మన దగ్గర ఆ లెక్కైనా నాకు కనిపించలేదు.

పులస_ప్రియుడు
అక్కా, నేను నవ్వుతూ మొదలుపెట్టాను, మీరు గుండె బరువెక్కించారు.

కొత్తగా_శాక్రమెంటో
నేను చదువుకోవడానికి వచ్చి రెండు నెలలైంది. ఇదంతా చదివాక ఒక సందేహం. మరి మనం నదిలోకి ఎక్కడ, ఎప్పుడు దిగవచ్చు? మా గదిలో నలుగురం ఈతకు వెళదామనుకుంటున్నాం.

సైకిల్_శారద
ఇప్పుడు వద్దు తమ్ముడూ. దిగేది వేసవిలో, అదీ లైఫ్ జాకెట్ వేసుకునే. పైకి ప్రశాంతంగా కనిపించినా అడుగున గుంజుతుంది. వసంతంలో అయితే మంచు కరిగిన నీళ్లు, ఒంట్లో సత్తువ నిమిషాల్లో పోతుంది. మన పిల్లలు ఈ దేశపు చెరువుల్లో, నదుల్లో పోయిన వార్త ఏడాదికి ఎన్నిసార్లు చదువుతున్నాం! ఊళ్లో బావిలో నేర్చుకున్న ఈత ఇక్కడ పనికిరాదు. నలుగురూ రండి, నాతో గట్టు మీద నడవండి. శాక్రమెంటోలోని డిస్కవరీ పార్కు నుంచి ఫాల్సమ్ జలాశయం ఒడ్డున బీల్స్ పాయింట్ దాకా 32 మైళ్ల బాట ఉంది, నడిచేవాళ్లను ఎవరూ ఆపరు.

జలలెక్కల_హరి
ఇంకొకటి. ఆనకట్ట గేట్లు తెరిస్తే నీటిమట్టం మారుతుంది. కరెంటు కోసం ఫాల్సమ్ నుంచి ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ వదులుతారు. ఆ ఎగుడుదిగుళ్లను సర్దడానికే కింద నాటోమా చెరువు, నింబస్ ఉన్నాయి. కాబట్టి నాటోమాలో నీరు రోజులోనే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

గాలం_గోపి
గాలం వేయాలనుకునే వాళ్లకు: 16 ఏళ్లు నిండితే లైసెన్సు తప్పనిసరి. నింబస్ ఆనకట్ట నుంచి హేజెల్ అవెన్యూ వంతెన దాకా ఏడాది పొడవునా వేట నిషేధం. 2023, 2024లో అయితే ఈ నదిలో ఎక్కడా సాల్మన్ పట్టనివ్వలేదు. నిబంధనలు ఏటా మారతాయి, వెళ్లేముందు చూసుకోండి. పైగా గుడ్లకు వచ్చిన చేప మాంసం పాలిపోయి ఉంటుంది, పులుసుకు పనికిరాదు.

నాటోమా_పడవ
అందరూ ఏది చేయకూడదో చెబుతున్నారు. రవి గారి మొదటి ప్రశ్న అలాగే ఉంది. నది అందరిదేనా కాదా? కాలిఫోర్నియా రాజ్యాంగంలో ప్రభుత్వ భూముల మీద నుంచి చేపలు పట్టే హక్కు ప్రజలదని 1910 నుంచి రాసి ఉంది. నౌకాయానానికి వీలైన నీటి దగ్గరికి దారి మూయకూడదనీ ఉంది. అయినా కంచెలు పెరుగుతూనే ఉన్నాయి. ఫాల్సమ్ ఆనకట్ట మీది రోడ్డు చూడండి. 2003లో భద్రత పేరుతో మూసేశారు. 2009లో పక్కన వంతెన కట్టి సరిపెట్టారు. ఆనకట్ట మీద నిలబడి నీళ్లు చూడటం అనేది ఇక లేదు.

జలలెక్కల_హరి
ఆనకట్ట మీద దాడి జరిగితే దిగువన ఏమవుతుందో 1986 లెక్కలే చెబుతాయి. 1995 జులైలో ఎవరూ ఏమీ చేయకుండానే ఒక్క గేటు విరిగితే 40 వేల క్యూసెక్కులు పోయాయి, జలాశయంలో సుమారు 40 శాతం నీరు ఖాళీ అయింది. ఇరుసు దగ్గర తుప్పు, రాపిడి. అందుకని ఆ రోడ్డు మూయడం నాకు సబబే అనిపిస్తుంది.

నాటోమా_పడవ
గేటు విరిగింది తుప్పు వల్ల అని మీరే అంటున్నారు. దానికి రోడ్డు మూయడం మందా? ఇనుముకు గ్రీజు పూయాలి.

ధవళేశ్వరం_రవి
దీనికి నాన్న గట్టిగా తలూపారు. ఆయన ఉద్యోగం ముప్పై ఏళ్లు అదే, 175 గేట్ల బ్యారేజీలో తన వంతు గేట్లకు గ్రీజు పూయడం.

సైకిల్_శారద
నా మాట వేరు. కంచె వేరు, "ఇక్కడ కాలు పెట్టవద్దు" అనడం వేరు. కంచె మనిషిని నది నుంచి దూరం చేస్తుంది. రెండోది నదిలో ఉన్నదాన్ని మనకు చూపిస్తుంది. నవంబరులో గట్టు మీద నిలబడి పదడుగుల దూరంలో ఇరవై పౌండ్ల చేప గూడు తవ్వడం చూడవచ్చు, ఉచితంగా. దానికి మించిన హక్కు నేనైతే అడగను. నాటోమా_పడవ గారు రోడ్డు విషయంలో ఉత్తరం రాస్తే మాత్రం సంతకం పెడతాను.

నాటోమా_పడవ
రాస్తాను.

బడి_లత
రవి గారూ, హేచరీ మెట్లు మామూలుగా నవంబరు మొదటి వారం ప్రాంతంలో తెరుస్తారు, నది నీరు 60 డిగ్రీల కన్నా చల్లబడ్డాక. పెద్దవాళ్లతో వెళుతున్నారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. చచ్చిన చేపల వాసన ఉంటుంది, అమ్మగారికి ముందే చెప్పండి.

ధవళేశ్వరం_రవి
మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. నిన్న పొద్దున ఏడున్నరకు వెళ్లాం. పొగమంచు ఇంకా నీటి మీదే ఉంది.

మెట్ల దగ్గర చేపలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఒక మగచేప, దవడ కొడవలిలా వంగిపోయింది, ఒకే మెట్టు ఐదుసార్లు ఎగిరి ఐదుసార్లు జారింది. ఆరోసారి ఎక్కింది. మా చిన్నది చప్పట్లు కొట్టింది. నాన్న మాత్రం చేపలను కాక పైన నింబస్ గేట్లను లెక్కపెట్టారు, 18. తర్వాత చాలాసేపు మెట్ల నుంచి పడే నీటినే చూసి, "ధార ఎటుంటే చేప అటు వస్తుంది, అందుకే దీన్ని గేట్ల దగ్గర పెట్టారు" అన్నారు. హరి గారూ, నిజమేనా?

అక్కడి నుంచి సెయిలర్ బార్‌కు వెళ్లి గట్టు మీదే నిలబడ్డాం. అమ్మ కళ్లకే ముందు కనిపించింది. ఒక ఆడచేప తెల్లమచ్చ మీద అటూ ఇటూ తిరుగుతోంది. తోక అంచు అరిగిపోయి, చర్మం పోయి, తెల్లటి ముల్లు బయటపడింది. ఆ తోకతోనే ఇంకా రాళ్లు కొడుతోంది. అమ్మ అరగంట కదల్లేదు. "దీనికి ఎవరైనా అన్నం పెడతారా?" అని అడిగింది. నదిలోకి వచ్చాక ఇవి ఏమీ తినవని చెప్పాను. అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు.

మేము ఉండగానే ఒక కుటుంబం కుక్కతో నీళ్లలోకి దిగబోయింది. మా పెద్దవాడే వెళ్లి ఆ తెల్లమచ్చలు చూపించి చెప్పాడు. కేకలు వేయలేదు.

జలలెక్కల_హరి
నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఇదివరకు ఏటా శరదృతువులో నదికి అడ్డంగా ఇనుప చట్రాలు నిలబెట్టి చేపలను హేచరీ వైపు మళ్లించేవారు. వాటిని దించడానికి నదిలో నీళ్లు తగ్గించాల్సి వచ్చేది. ఆ బాధ లేకుండా కొత్త మెట్లను ఆనకట్ట కింద మడుగు దాకా పొడిగించారు. లస్కరు కన్ను!

యానాం_అక్క
రవీ, అమ్మగారు అడిగిన మాట మా అత్తగారికి చెప్పాను. ఈసారి మీ నది చూడాలంటున్నారు.

సైకిల్_శారద
రమ్మనండి, డిసెంబరు రెండో వారం దాటకుండా. కొత్తగా_శాక్రమెంటో తమ్ముడూ, మీ నలుగురూ వచ్చే ఆదివారం ఎనిమిదింటికి సన్‌రైజ్ వంతెన దగ్గర ఉండండి. బూట్లు పొడిగానే ఇంటికి తీసుకువెళతారు. నా కారులో ముగ్గురికే చోటుంది, నాలుగో మనిషిని ఎవరైనా ఎక్కించుకోండి.

నాటోమా_పడవ
నేను ఎక్కించుకుంటాను. ఉత్తరం కూడా తెస్తాను.